ఖాళీ తొట్లలో నే చేపలను పెంచవలెను?

గతమాసమున గాజుతొట్టిలోని నీరు మార్చు విధమును గూర్చి వ్రాసియుంటిమి. అది చదివిన యొక సోదరి, తమ యింట రెండు తొట్లు ఖాళీగా నున్నవనియు, వానిలో నే జాతి చేపల నుంచి సంతానమును వృద్ధిచేయవచ్చుననియు నడిగినారు. ప్రశ్న చిన్నదే. ప్రత్యుత్తరము వ్రాయుటకు మాత్రము మాకు కొంత సిగ్గుగా నున్నది.

భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుని దోసిట బడిన చేపపిల్ల కథ నెఱుగని సోదరీమణులుండరు. ఆ రాజు దానిని కమండలువులో నుంచెను. అది చాలలేదు. పిమ్మట పెద్దపాత్ర, తరువాత సరస్సు, తుదకు సముద్రము. అది భగవంతుడు గనుక సరిపోయినది. అంగడిలో కొన్న చేప యట్లు పెరిగినచో మనకు సముద్రమెక్కడిది? గాజునంటిన పాచి తినునని రెండంగుళముల ప్రాయమున నమ్ము సక్కరుచేప యొక యడుగును మించి పెరుగును. దక్షిణ అమెరికాకు చెందిన యా జాతి, తొట్లనుండి బయటబడి, నేడు ఆంధ్రదేశపు చేపలచెరువులలో జొరబడి ముండ్లతో వలలను చింపుచున్నది. దానిని జనులు దయ్యపుచేప యనుచున్నారు.

ఇక గప్పీలు. క్రొత్తగా పెంచువారు మొదట కోరునవి యివియే. మేమును వీనినే కోరితిమి. ఇవి గ్రుడ్లు పెట్టవు, పిల్లలనే కనును. మూడు నాలుగు వారముల కొక కాన్పు. ఒక్కసారి మగచేపతో కూడిన ఆడచేప, పిమ్మట ఒంటరిగా నున్నను, నెలల తరబడి కాన్పులు కనుచుండును. నాలుగింటితో నారంభించితిమి. ఏడాది తిరుగునప్పటికి లెక్కించుట మానుకొంటిమి. అంగడివాడు వలదనెను. ఇరుగుపొరుగు వారికి పంచితిమి. వారి యిండ్లలోను నదే కథ. తుదకు మా పిల్లవానిచేత నొక బిందెడు చేపలను ఊరిచెరువులో విడిపించి, దోమపిల్లలను తినును గదా, పుణ్యమే యనుకొంటిమి.

దోమల కొఱకే గప్పీని 1908లోను, గంబూసియాను 1928లోను మన దేశమునకు దెచ్చిరి. ఆ గంబూసియా నేడు ప్రపంచమునందలి నూఱు మిక్కిలి హానికరములైన పరజాతుల పట్టికలో నున్నది. ఇతర చిన్నచేపల గ్రుడ్లను, పిల్లలను తినివేయును. గప్పీ వలనను పలుదేశములలో స్థానిక జాతులకు నష్టము కలిగినది. మా చెరువుగట్టున నెండవేళ, నీటిపైకి తలయెత్తి తిరుగు సన్ననిచేపలు కనబడుచుండెడివి. తలమీద వెండిచుక్క వలె మెఱయును. వీనిని అంగళ్లలో పాంచాక్సు లందురు. దోమపిల్లలను నివియు తినును. ఇప్పుడు మేము వెళ్లినప్పుడెల్ల గప్పీలే కనబడుచున్నవి. మా బిందెయే కారణమో, మఱియెవరి బిందెయో చెప్పజాలము. మా వంతు మాకు తెలియును.

కావున చేప యందమును, ధరను చూచుటకు ముందు, దాని సంతానము మన యదుపులో నుండునా లేదా యని చూడవలెను. పోట్లాటచేప సొగసైనదే, 2019లో సయాము దేశమువారు దానిని తమ జాతీయ జలచరముగా ప్రకటించిరి. కాని యొక్క ఈతలో వందలకొలది పిల్లలు. ఎదిగిన మగపిల్లల కొక్కొక్కదానికి వేఱుసీసా. వంటింటి ఊరగాయజాడీ లన్నియు దింపినను చాలవు.

మొదటి తొట్టికి జీబ్రాచేప మంచిది. పరదేశి కాదు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ మత్స్యములను గూర్చిన గ్రంథమున దీనిని వర్ణించెను. రెండంగుళములు మించదు, ఒడలిపై నీలిచారలు. ఇది తన గ్రుడ్లను తానే తినును. అదే మనకు మేలు. పిల్లలు కావలసినప్పుడు తొట్టియడుగున పిల్లవాండ్రాడు గోళీలను ఒత్తుగా పఱచి, సాయంకాలమున రెండాడచేపలను, ఒక మగచేపను విడువవలెను. తెల్లవారి వెలుతురు సోకగానే గ్రుడ్లు వెదజల్లును. అవి గోళీల సందులలోనికి జాఱి దక్కును. వెంటనే పెద్దచేపలను మొదటి తొట్టికి మార్చవలెను. వలదనుకొన్ననాడు గోళీలు పఱవకున్న చాలును.

ఆ గ్రుడ్లు గాజువలె నిర్మలములు. ఒక దినము గడచిన పిమ్మట భూతద్దముతో జూచిన, లోపల గుండె కొట్టుకొనుట కనబడును. రెండు మూడు దినములలో పిల్ల వెలువడును. ఈ పారదర్శకత్వము వలననే అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగరు దీనిని పరిశోధనకు వాడి, 1981లో తన ఫలితములను ప్రకటించెను. నేడు ప్రపంచమంతట వైద్యపరిశోధనశాలలలో దీనిని పెంచుచున్నారు. మా పిల్లలు తద్దము కొఱకు పోట్లాడుకొనిరి; మేమును వారితో పోటీపడితి మనుట దాచనేల?

రెండవ తొట్టి, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలదైనచో నించుమించు 56 లీటర్ల నీరు పట్టును. అందు ఆరెంజి క్రోమైడను పసుపుపచ్చని చేపను పెంచవచ్చును. ఇది దక్షిణ హిందూదేశము, సింహళములకు చెందినది. ఆఱు చిన్నచేపలను తెచ్చి విడిచిన, వానిలో రెండు తమంతట తామే జతకట్టును; మిగిలినవానిని వేఱుచేయవలెను. బోర్లించిన మట్టిముంతపై గ్రుడ్లంటించి, తల్లిదండ్రు లిరువురును రెక్కలతో నీరు విసరుచు కావలియుందురు. పిల్లలు తల్లిదండ్రుల యొడలినంటిన జిగురును కొఱుకుచు పెరుగును. కావున పెద్దచేపలను విడదీయరాదు. మగడు కావలి కాయు సంసారము మా కండ్ల కింపుగానే యుండెను.

ఏ చేపనైనను తెచ్చుటకు ముందు, పాతతొట్టిలోని స్పాంజి ఫిల్టరును కొన్నిదినములు క్రొత్తతొట్టిలో నడపవలెను; నీటిలోని అమ్మోనియాను హరించు సూక్ష్మజీవు లందుండును. మిగులు పిల్లలను తీసికొందురా యని అంగడివానిని ముందే యడిగి, ఎన్నిటిని తీసికొనునో యన్నిటికే గోళీలు పఱచవలెను. చెరువు మాట తలపెట్టరాదు.

పొదిగిన పిల్లలకు వేయవలసిన తొలి యాహారమును గూర్చి వచ్చుమాసమున వ్రాసెదము.