తల్వార్ కుర్రాళ్లు చేసిన యుద్ధం మాటేమిటి?

భారత నౌకాదళ ప్రధానాధికారి గారికి,

2022 గణతంత్ర దినోత్సవ కవాతులో మీ శకటం 1946 నావికుల తిరుగుబాటును దేశానికి చూపించింది. అంతకుముందే రెండు టగ్ బోట్లకు ఆ తిరుగుబాటులో పాల్గొన్న మదన్ సింగ్, బి.సి. దత్ పేర్లు పెట్టారు. ఇద్దరూ వైర్‌లెస్ మీద పనిచేసిన టెలిగ్రాఫిస్టులే. సంతోషం. అయినా విశాఖవాసిగా నాకో వెలితి ఉంది. మనం తలుచుకునేది 1946 ఫిబ్రవరి 18 నుంచి 23 వరకు జరిగినదాన్ని. అంతకుముందు ఆ కుర్రాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో చేసిన కొలువు ఊసు ఎవరూ ఎత్తరు.

దత్ 1941లో నౌకాదళంలో చేరాడు. వైర్‌లెస్ గదిలో పనేమిటో మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గాని, పాఠకుల కోసం చెప్తాను. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్సిలు. బరబరమనే రొదలోంచి మోర్స్ చుక్కనీ గీతనీ ఏరుకోవాలి. వచ్చేవి చాలావరకు సంకేతాక్షరాల గుంపులు, రాసుకునేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. మామూలు మాటైతే జారిపోయిన అక్షరాన్ని ఊహించి పూరించుకోవచ్చు, ఇక్కడ ఆ వీలూ లేదు. ఓడ ఊగుతున్నా, కడుపులో తిప్పుతున్నా తన వంతు వాచ్ అయ్యేదాకా కుర్చీ వదలకూడదు. 1942 నవంబరులో 'బెంగాల్' అనే మన చిన్న ఓడ రెండు జపాన్ రెయిడర్ ఓడలను ఎదిరించిన కథ చెప్పుకుంటాం. అందులో ఫిరంగులు గుర్తుంటాయి. వైర్‌లెస్ గదిలో కూర్చున్నవాడు ఎవరికి గుర్తు?

యుద్ధం ముగిశాక బొంబాయిలోని సిగ్నల్ శిక్షణ కేంద్రం 'తల్వార్'లో వాళ్లకు దక్కింది నాసిరకం తిండి, తెల్లవాళ్లకంటే తక్కువ జీతం, కేంద్రం అధిపతి కమాండర్ కింగ్ నోట బండబూతులు. గోడల మీద నినాదాలు రాసినందుకు దత్ అరెస్టయ్యాడు. తర్వాత సమ్మె. వైర్‌లెస్ వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి కబురు ఓడ నుంచి ఓడకు పాకింది. కరాచీ, విశాఖ కూడా కదిలాయి. వేధింపులు లేకుండా చూస్తామన్న సర్దార్ పటేల్ మాట మీద లొంగిపోయారు. 476 మందిని దళం నుంచి పంపేశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇటు మనమూ, అటు పాకిస్తానూ వాళ్లను తిరిగి చేర్చుకోలేదు.

దత్‌కు కలం అక్కరకొచ్చింది. ఫ్రీ ప్రెస్ జర్నల్‌లో విలేఖరి అయ్యాడు, తర్వాత లింటాస్ ప్రకటనల సంస్థకు వెళ్లాడు. 1971లో తన కథ పుస్తకంగా రాశాడు. మరి రాయడం రానివాళ్లు? వాళ్లకు చేతనైన విద్య మోర్స్. దాంతో పని ఎక్కువగా ఉన్నది తంతి ఆఫీసులో, రైల్వేలో, పోర్టులో. దాదాపు అన్నీ సర్కారీ కొలువులే. దళం తీసేసిన మనిషని కాగితం మీద ఉంటే ఏ అధికారి ఉద్యోగమిస్తాడు? స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం ఈ తిరుగుబాటును గుర్తించిన మాట నిజం. కానీ అది పోరాటానికిచ్చిన గౌరవం, యుద్ధంలో చేసిన కొలువుకు కాదు.

మా ఊరి బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, 1971 విజయానికి స్మారకం ఉంది. పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగేవాళ్లతో సాయంత్రమైతే అక్కడ అడుగుపెట్టే సందుండదు. 1946 గురించి మాత్రం నా కంట ఒక్క ఫలకమూ పడలేదు. అప్పుడు విశాఖలో సమ్మె చేసిన 'సర్కార్స్' స్థావరం అదే పేరుతో ఇప్పటికీ మీ ఆధీనంలోనే నడుస్తోంది.

అందుకని అడుగుతున్నాను. మీ రికార్డుల్లో దొరికినంతమేర ఆ నావికుల పేర్లు బయటపెట్టించండి. బీచ్ రోడ్డులో తెలుగులో కూడా రాయించండి. ప్రతి పేరు పక్కన అతను ఏ సంవత్సరం చేరాడో, యుద్ధంలో ఏ ఓడలో పనిచేశాడో ఉండాలి. శకటానికి పెట్టిన ఖర్చు కూడా దీనికి కాదు. ఏ గుమాస్తాకైనా పాత సర్వీసు పుస్తకాలు తిరగేసే ఓపిక ఉంటే చాలు.

ఇట్లు,
విశాఖపట్నం పౌరుడొకడు