వాకబు చేయని సంబంధం

మా అబ్బాయి 2022లో తన పుట్టినరోజుకి ఒకే ఒక్క కోరిక కోరాడు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టులోకి కొత్తగా వచ్చిన డెషాన్ వాట్సన్ జెర్సీ, నాలుగో నంబరుది. నేను కొననన్నాను. ‘‘మన టీమ్ ఇన్నాళ్లకి బాగుపడబోతుంటే నీకేంటమ్మా?’’ అని వాడు. ‘‘ఆటకీ దానికీ ముడిపెట్టకు’’ అని వాళ్ల నాన్న. రెండు రోజులు ఇంట్లో ఎవరి అన్నం వాళ్లే వడ్డించుకున్నాం. మా అమ్మాయి మాత్రం ఎవరితోనూ వాదించకుండా ఫోన్‌లో ఒక వార్త తీసి తమ్ముడి ముందు పెట్టింది. ఆ వార్తేమిటో తర్వాత చెబుతాను.

ఆటకీ దానికీ ముడి ఉందనే నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఓడిపోతున్న జట్టుని తిరిగి నిలబెట్టడం ఎలాగో తెలియాలన్నా ఆ ముడి విప్పి చూడాల్సిందే.

మనకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికావాళ్లది వేరు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో విసురుతారు, చంకలో ఇరికించుకుని పరుగెత్తుతారు. వాళ్ల పెద్ద లీగ్‌లో 32 జట్లు, ఒక్కో జట్టుకి 53 మంది. బంతి విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. పెళ్లిలో పెళ్లికొడుకు లాంటివాడు. ఫొటోలన్నీ అతనివే. అతని మీద ఎవరూ పడకుండా ముందు గోడలా నిలబడే అయిదుగురు లైన్‌మెన్ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు. వంటింట్లో ఉన్నవాళ్ల పేర్లు పెళ్లి ఆల్బమ్‌లో ఉంటాయా?

ఈ లీగ్‌లో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఏటా ఏప్రిల్‌లో కాలేజీల్లో ఆడే కుర్రాళ్లని జట్లన్నీ వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. మొత్తం ఏడు రౌండ్లు. కిందటేడు అందరికంటే ఎక్కువ ఓడినవాళ్లదే మొదటి వంతు. జీతాలకీ ఒక హద్దు ఉంది. 2022లో జట్టుకి 20 కోట్ల 82 లక్షల డాలర్లు. డబ్బున్న యజమాని కదా అని ఎంతమంది మొనగాళ్లనైనా కొనేయడానికి లేదు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడు మొదటి నాలుగేళ్లూ తక్కువ జీతానికే ఆడతాడు. అందుకే బీద జట్టుకి ఆ వంతులే ఆస్తి. అయితే వాటిని వేరే జట్టుకి ఇచ్చేసి, బదులుగా పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. ఇంకా రాని ఏళ్ల వంతుల్ని కూడా!

చీటీలు వేసిన ఆడవాళ్లకి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. మొదట్లోనే పాట పాడి ఎత్తుకుంటే చేతికొచ్చేది తగ్గుతుంది, కట్టడం మాత్రం ఆఖరి నెల దాకా తప్పదు. ఆస్పత్రి ఖర్చో, ఫీజులో మీదికొస్తే తప్ప ఇల్లు నడిపే మనిషి ఆ పని చేయదు.

ఇక మా క్లీవ్‌లాండ్ కథ. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊరికి చివరిసారి ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ వచ్చింది 1964లో. 1995 సీజన్ అయ్యాక అప్పటి యజమాని జట్టుని బాల్టిమోర్‌కి తరలించేశాడు. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా నలభై మందికి పైగా క్వార్టర్‌బ్యాక్‌లు ఆట మొదలుపెట్టారంటే నమ్ముతారా? 2016లో 16 ఆటల్లో ఒక్కటే గెలిచారు, 2017లో అదీ లేదు. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ వెక్కిరింపు ఊరేగింపు తీశారు. అయినా పార్మాలోని మన శివ విష్ణు దేవాలయానికి ఆదివారం పొద్దున్నే వెళితే, పంచెల మధ్య నారింజ రంగు జెర్సీలు కనిపిస్తూనే ఉండేవి. దర్శనమవగానే పరుగున ఇంటికి, టీవీ ముందుకి!

అంతగా ఓడినందుకు ఫలం లేకపోలేదు. 2017లో మొదటి వంతుతో మైల్స్ గారెట్ వచ్చాడు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడంలో అతన్ని మించినవాళ్లు అరుదు. 2018లో క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, డెంజెల్ వార్డ్, నిక్ చబ్ వచ్చారు. 2020 సీజన్‌లో 11 ఆటలు గెలిచి, ప్లేఆఫ్‌లో పిట్స్‌బర్గ్‌ని ఓడించారు. ఆ సీజన్‌లోనే ఇంకో ముచ్చట జరిగింది. ఒక కోచ్ భార్య ప్రసవమని సెలవు పెడితే, ఆయన స్థానంలో కాలీ బ్రౌన్‌సన్ అనే మహిళ ఆ విభాగం ఆటగాళ్లకి కోచ్‌గా నిలబడింది. లీగ్ ఆటలో ఒక మహిళ ఆ పని చేయడం అదే మొదటిసారి. ఆ రాత్రి మా అమ్మాయి మొహం చూడాల్సింది!

ఇలా ఒక్కొక్క ఇటుకా పేర్చుకుంటూ వస్తున్న ఇంటికి, 2021లో కాస్త ఎదురుదెబ్బ తగిలింది. మేఫీల్డ్ భుజానికి గాయమైంది, ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడారు. అంతే, ఓపిక పోయింది. 2022 మార్చిలో హ్యూస్టన్ నుంచి వాట్సన్‌ని తెచ్చారు. అందుకు ఇచ్చింది మూడేళ్ల మొదటి రౌండు వంతులు, పైన ఇంకో మూడు వంతులు. అతనికి అయిదేళ్లకి 23 కోట్ల డాలర్లు. ఆడినా ఆడకపోయినా అంతా ఇచ్చి తీరాలన్న ఒప్పందం.

ఇందులో తమాషా ఏమిటంటే, 2017 డ్రాఫ్ట్‌లో తమ పన్నెండో వంతుని హ్యూస్టన్‌కి ఇచ్చేసింది బ్రౌన్సే. ఆ వంతుతోనే హ్యూస్టన్ వాట్సన్‌ని తీసుకుంది!

అప్పటికి ఆ మనిషి మీద ఇరవైకి పైగా సివిల్ దావాలున్నాయి. వేసినవాళ్లు మసాజ్ చేసి బతికే స్త్రీలు. పని కోసం పిలిచి అసభ్యంగా ప్రవర్తించాడన్నది ఆరోపణ. తానే తప్పూ చేయలేదని అతనన్నాడు. టెక్సాస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు అతని మీద నేరాభియోగం మోపలేదు. దావాలు చాలావరకు రాజీలతో ముగిశాయి. ఇదంతా చెప్పకపోతే నాది ఏకపక్షమవుతుంది. లీగ్ తరఫున విచారించిన విశ్రాంత జడ్జి స్యూ రాబిన్సన్ అనే ఆవిడ మాత్రం అతను లీగ్ నియమాలు ఉల్లంఘించాడనే తేల్చి ఆరు ఆటల నిషేధం వేశారు. అది చాలదని లీగ్ అప్పీలుకి వెళితే, చివరికి 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. నిషేధంలో పోయేది జీతమే కదా, మొదటి ఏడాది జీతం ఎంత రాసుకున్నారో తెలుసా? 10 లక్షల 35 వేల డాలర్లు! మిగతాది వేరే పద్దుల కింద.

అయిదు నెలలు వాకబు చేశామని జట్టు పెద్దలు చెప్పారు. ఆ స్త్రీలతో మాత్రం మాట్లాడలేదు. క్రిమినల్ విచారణకి అడ్డమవుతుందని లాయర్లు వద్దన్నారట. వింటుంటే నాకు మన అమెరికా సంబంధాలు గుర్తొచ్చాయి. పిల్లాడి మేనమామని అడుగుతారు, స్నేహితుణ్ణి అడుగుతారు, అందరూ బంగారమంటారు. మొదటి పెళ్లి పెటాకులైన పిల్ల పక్క ఊళ్లోనే ఉంటుంది, ఆమెనెవరూ అడగరు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. సంబంధం చేయిజారిపోతుందని తొందర.

ఆ తొందరలో వదిలేసిన ప్రశ్న అదొక్కటే అయితే ఇది వేరే విషయమని మావారితో నేనూ ఒప్పుకునేదాన్ని. కానీ ఆటకి సంబంధించిన ప్రశ్నలు కూడా వదిలేశారు. 2020లో లీగ్ మొత్తంలో విసిరి ఎక్కువ గజాలు సాధించింది వాట్సనే. ఆ ఏడు అతని జట్టు గెలిచింది నాలుగే. ఒక్క మనిషి జట్టుని మోయలేడని దీనికంటే ఏం చెప్పాలి? 2021లో అతను ఒక్క ఆటా ఆడలేదు. ఏడాది ఖాళీగా ఉన్న మనిషికి అయిదేళ్ల పూర్తి హామీ ఎందుకు? ఇవి తెలుసుకోవడానికి ఎవరి గడపా ఎక్కక్కర్లేదు. స్త్రీల గురించి అడగకూడదని మనసులో గట్టిగా అనుకున్నాక మిగతావి అడిగే అలవాటు కూడా పోతుంది. నేను ముడి అంటున్నది దీన్నే.

అన్నట్టు, మా అమ్మాయి చూపించిన వార్త. ఈ ఒప్పందం బయటికొచ్చిన రోజుల్లో లైంగిక హింస బాధితులకి సాయం చేసే క్లీవ్‌లాండ్ సంస్థకి విరాళాలు వెల్లువెత్తాయి. చాలామంది పంపింది 22 డాలర్లు. దావా వేసిన ఒక్కో స్త్రీకి ఒక్కో డాలరు. మావాడు ఆ వార్త చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. జెర్సీ మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత జరిగింది లోకానికి తెలుసు. మూడు సీజన్లు కలిపి వాట్సన్ ఆడింది 19 ఆటలు. నిషేధం, భుజం గాయం, 2024 అక్టోబరులో మడమ దగ్గరి నరం తెగడం. 2023లో అతను గాయపడితే, ఇంట్లో కూర్చున్న 38 ఏళ్ల జో ఫ్లాకోని పిలిచారు. ఆయన అయిదు ఆటలు మొదలుపెట్టి నాలుగు గెలిపించి ప్లేఆఫ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఎదురైందెవరు? హ్యూస్టన్! 45-14తో చిత్తుగా ఓడించారు. హ్యూస్టన్‌ని గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్‌ని వాళ్లు తమ సొంత వంతుతో తెచ్చుకున్నారు. విల్ ఆండర్సన్‌ని తెచ్చుకోవడానికి మారకం వేసిన వాటిలో క్లీవ్‌లాండ్ ఇచ్చిన వంతు కూడా ఉంది. అలాగని హ్యూస్టన్ కడిగిన ముత్యమేం కాదు. ఈ వ్యవహారంలోనే ఆ సంస్థ 30 మంది స్త్రీలతో రాజీ చేసుకుంది. క్లీవ్‌లాండ్ వంతులతో తెచ్చుకున్నవాళ్లందరూ రాణించనూ లేదు. 2022లో తీసుకున్న లైన్‌మన్ కెన్యన్ గ్రీన్ నిలవలేదు. అందుకే వంతులు ఎక్కువ ఉండాలి. నాలుగు విత్తనాలు వేస్తే రెండు మొలుస్తాయి.

‘‘లాస్ ఏంజలెస్ రామ్స్ కూడా వంతులిచ్చి స్టాఫర్డ్‌ని తెచ్చుకోలేదా? ఆ ఏడే సూపర్ బౌల్ గెలవలేదా?’’ అని మావారు అడుగుతారు. నిజమే. ఇల్లంతా అమరాక ఒక్క తలుపు కొనుక్కోవడం తప్పు కాదు. బ్రౌన్స్ కూడా తమ ఇల్లు అమరిందనే అనుకున్నారు. తలుపు ఎవరి దగ్గర కొంటున్నామో, ఎంతకో చూసుకోలేదు. ఆ స్టాఫర్డ్‌ని ఇచ్చింది డెట్రాయిట్. మా ఊరికి మూడు గంటల కారు ప్రయాణం. 2021లో అతన్నిచ్చి వాళ్లు జారెడ్ గాఫ్‌నీ, రెండు మొదటి రౌండు వంతుల్నీ, ఒక మూడో రౌండుదీ తీసుకున్నారు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు తీసుకున్నది లైన్‌మన్ పెనే సూయెల్‌ని. ఆ ఏడు మూడే గెలిచారు. మర్నాడు సీజన్ మొదట్లో ఏడింటిలో ఒక్కటే గెలిచారు. అయినా కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌ని తీసేయలేదు. 2023లో 12 గెలిచారు, 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్‌లో గెలుపు చూశారు.

లైన్‌మన్ ఒక్కడూ ఉంటే చాలదని కూడా మా ఊరే చెప్పింది. జో థామస్ 2007లో వచ్చాడు. వరసగా 10,363 సార్లు, ఒక్కసారీ పక్కకి తప్పుకోకుండా క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాశాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఒక్క ప్లేఆఫ్ ఆట ఆడలేదు పాపం! అతని కాలంలో ఆరుగురు కోచ్‌లు, ఇరవై మంది క్వార్టర్‌బ్యాక్‌లు మారారు. ఇంత మంచి గోడ వెనక ప్రతి ఏడూ కాపురం మారిపోతుంటే గోడేం చేస్తుంది?

నన్నడిగితే, ముందు రెండు వైపులా లైన్ కట్టుకోవాలి. రాబోయే ఏళ్ల వంతు ఒక్కటీ ముట్టుకోకూడదు. కోచ్‌కి కనీసం నాలుగేళ్లివ్వాలి. క్వార్టర్‌బ్యాక్ కుదరకపోతే నష్టం లేకుండా వదిలేసేలా తక్కువ జీతానికి తెచ్చుకోవాలి. ఎవర్ని తెచ్చుకున్నా ఎదుటిపక్షంతో మాట్లాడాలి. మాట్లాడొద్దని లాయరు చెబితే, మాట్లాడటానికి వీలయ్యేదాకా ఆగాలి. 2022లోనే ఈ జట్టుకి కాథరిన్ రేష్ అనే మహిళ అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌గా వచ్చింది. కానీ ఆమె చేరింది వాట్సన్ ఒప్పందం అయిపోయాకే.

వాట్సన్ విషయంలో గురి తప్పామని యజమాని జిమ్మీ హాస్లమ్ 2025లో ఒప్పుకున్నారు. ఆ ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో చేతికొచ్చిన రెండో వంతుని జాక్సన్‌విల్‌కిచ్చి అయిదోది, రెండో రౌండుదొకటి, మర్నాటి మొదటి రౌండుదొకటి తీసుకున్నారు. ఆ అయిదో వంతుతో తీసుకున్నది ఎదుటి లైన్‌ని ఛేదించే మేసన్ గ్రాహమ్‌ని. నాకు మహా సంతోషమేసింది. మొదటి రెండు రౌండ్లలో ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నీ తీసుకోకపోయేసరికి మావారు టీవీ కట్టేసి లేచిపోయారు. మావాడు మళ్లీ పెట్టాడు.