అంబాడా పువ్వుకు పాస్‌పోర్టు కావాలా?

మొన్న మా మామూజాన్ జిద్దా నుంచి వచ్చారు. ఖజూర్, అత్తర్‌తో పాటు ఒక ప్యాకెట్ తీసి అమ్మీ చేతిలో పెట్టారు. "కర్కదే, ఆపా! షర్బత్ చేస్తే లాజవాబ్" అన్నారు. పిల్లలంతా చుట్టూ మూగారు. అమ్మీ ఒక ఎండు పువ్వు నోట్లో వేసుకుని నవ్వింది. "అరే మియా, ఇది మన ఎర్ర అంబాడానే కదా! ఇక్కడ బకరీలకు వేస్తాం" అంది.

ఆ నవ్వులో నాకు కాస్త షరమ్ అనిపించింది.

అంబాడా అంటే మన గోంగూరే. అంబాడా గోష్త్ లేని దస్తర్‌ఖాన్ మనకు ఊహకు అందదు. కానీ ఆకు దూశాక ఆ మొక్కను మరిచిపోతాం. వానలు వెనకబట్టాక అది లేత పసుపు పూలు పూస్తుంది. రేకులు రాలిపోయాక గింజల కాయ చుట్టూ ఎర్రని పుల్లటి తొడుగు దళసరిగా పెరుగుతుంది. అదే కర్కదే. సూడాన్‌లోని కొర్దొఫాన్ ఇసుక నేలల్లో గరీబు రైతులు వాన నీటి మీదే దీన్ని పండిస్తారు. సూడాన్‌లో, మిస్ర్‌లో ఇంటికొచ్చిన మెహమాన్లకు ఆ షర్బతే ఇస్తారు. వాళ్లు కద్ర్ చేసిన దాన్ని మనం పెంటలో పారేస్తున్నాం.

ఇఫ్తార్‌కి మన ఇళ్లలో రంగు సీసాలు ఎన్ని ఖాళీ అవుతాయో లెక్క చూసుకోండి. రంగు, సెంటు, చక్కెర తప్ప వాటిలో చాలావరకు ఏముంది? పరాయి దేశం నుంచి వస్తే తోఫా, మన చేను గట్టు మీద కాస్తే చెత్తా? ఈ సోచ్ మారాలి.

చేయడం ముష్కిల్ కాదు. నార కోసం వేసే గోగుకు తొడుగు పలచగా ఉంటుంది, అది పనికిరాదు. దళసరి ఎర్ర తొడుగు వచ్చే రకమే చూసుకోండి. లోపలి కాయ తీసేసి, తొడుగుల్ని బాగా ఎండబెట్టి డబ్బాలో పెట్టండి. గింజలు దాచుకుంటే మళ్లీ వానాకాలానికి విత్తనం. గుప్పెడు తొడుగులు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త చక్కెర కలిపితే చాలు. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదో గాజుదో వాడండి. ఇది బీపీని కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. అలాగని గోలీలు మానేయకండి. బీపీ మందులు వాడేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తాగండి.

మామూజాన్ తిరిగి వెళ్లేటప్పుడు అమ్మీ ఒక పొట్లం కట్టిచ్చింది. మన పెరటి కర్కదే అది. ఈసారి జిద్దాకి తోఫా ఇక్కడి నుంచే వెళ్లింది.