చిన్న ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలు కావాలి
(తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఏ ఫ్యాన్సీ స్టోర్‌కి వెళ్లినా, ఏ గాజుల దుకాణంలో అడిగినా, బొట్టుబిళ్లల అట్టల పక్కన నల్ల ప్యాకెట్ల దండ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. చార్‌కోల్ పీల్ ఆఫ్ మాస్క్. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ వేళ్లతో సహా ఊడొస్తాయని ప్యాకెట్ మీద బొమ్మ ఉంటుంది. ట్యూబ్ కొనలేని పిల్లల కోసం ఒక్కసారికి సరిపడే చిన్న ప్యాకెట్లు వచ్చాయి. మల్దకల్ తిమ్మప్ప జాతరలోనూ, సింగోటం జాతరలోనూ రిబ్బన్లు, గాజులు అమ్మే చోట ఇవీ దొరుకుతాయి. మగపిల్లలకు ఈ పూత సెలూన్లలోనే వేస్తున్నారు. పెళ్లికొడుక్కి హల్దీ ముందురోజు ముఖానికి నల్ల మాస్కు వేయడం ఇప్పుడు మామూలైపోయింది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చర్మం పాఠం చెప్పిన ప్రతి ఏడూ వెనక బెంచీల్లోంచి ఒకే ప్రశ్న వస్తుంది: “మేడం, అది వేసుకోవచ్చా?” అడిగే పిల్లల్లో కొందరి ముక్కు పక్కన అప్పటికే గోధుమరంగు మచ్చలు దిగి ఉంటాయి. పదిహేడేళ్ల పిల్లకు అద్దంలో ముక్కు మీది చుక్క కొండంతగా కనిపిస్తుంది. అది ఆ వయసు లక్షణం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే పెద్దవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. అందుకే పిల్లలకు జవాబు చెప్పేముందు నేనూ ఒక ప్యాకెట్ కొని ముక్కుకు, గడ్డానికి వేసుకుని చూశాను.

పూసినప్పుడు చల్లగా ఉంటుంది, ముక్కుకు స్పిరిట్ వాసన కొడుతుంది. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది. మూతి కదిపితే పగుళ్లు పడతాయి కాబట్టి మాట్లాడటానికి ఉండదు. గడ్డం కింద అంచు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాక కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవి పైన, ముక్కు రెక్కల పక్కన నొప్పి ఎక్కువ. మొత్తం ఊడొచ్చాక ముక్కు నున్నగా అనిపించింది, నిజమే. ఆ నునుపే దీన్ని మళ్లీ కొనిపిస్తుంది. చల్లటి నీళ్లు చల్లితే మాత్రం మండింది. మర్నాటికి ముక్కు పక్కన పొట్టు లేచింది.

ఊడొచ్చిన పొరను ల్యాబ్‌కి తీసుకెళ్లి పిల్లలతో కలిసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినవి నూగు వెంట్రుకలు. వాటి తర్వాత పలకలు పలకలుగా పేరుకున్న చనిపోయిన చర్మకణాలు. అక్కడక్కడా మైనంలాంటి చిన్న ముక్కలు, అవి రంధ్రాల పైభాగంలో ఉండే జిడ్డు కొనలు. వేళ్లతో సహా ఊడొచ్చిన బ్లాక్‌హెడ్ ఒక్కటీ లేదు. నొప్పి ఎందుకు పుట్టిందో పిల్లలకు వెంటనే అర్థమైంది. ఆ వెంట్రుకలూ, ఆ పలకలూ మన ముఖానికి అవసరమైనవి. పై పొర పలచబడితే నీరు బయటికి పోతుంది, సబ్బు మండుతుంది, ఎండ లోపలికి దిగుతుంది.

బ్లాక్‌హెడ్‌లో నలుపు మురికి వల్ల వచ్చింది కాదు. చర్మరంధ్రంలో జిడ్డు, చనిపోయిన కణాలు కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. పైమూత తెరుచుకుని ఉంటుంది కాబట్టి, అందులోని మెలనిన్, కొవ్వులు గాలి తగిలి నల్లబడతాయి. ఎంత తోమినా ఆ నలుపు పోదు. పైగా చాలామంది ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ అనుకునేవి అసలు బ్లాక్‌హెడ్సే కావు. జిడ్డును పైకి తెచ్చే సన్నటి బూడిదరంగు నాళికలు, అందరికీ ఉండేవే. వాటిని పీకేసినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతాయి. రోగం కానిదానికి మందు అమ్ముతుంటే ప్యాకెట్ మీద ప్యాకెట్ కొనక తప్పదు.

బొగ్గు సంగతి చెప్పాలి. మా పాలమూరుకు బొగ్గు కొత్త కాదు. వేపపుల్ల దొరకని రోజు ఉప్పు కలిపిన బొగ్గుపొడితో పళ్లు తోముకున్న తరం ఇంకా ఇళ్లలో ఉంది. ఆ నమ్మకమే ఈ ప్యాకెట్‌కి సగం గిరాకీ తెచ్చింది. యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు. కొబ్బరిచిప్పలను గానీ కట్టెను గానీ కాల్చిన బొగ్గును ఆవిరితో, 800 డిగ్రీలకు పైన మళ్లీ వేడి చేస్తే దాని నిండా సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. ఒక్క గ్రాము బొగ్గు లోపలి ఉపరితలం దాదాపు వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది. విషం మింగినవాళ్లకు ఆసుపత్రిలో దాన్ని నీళ్లలో కలిపి గంటలోపు తాగిస్తే కొన్ని రకాల విషాలను పట్టుకుని రక్తంలోకి పోకుండా ఆపుతుంది. అక్కడ దాని పని గొప్పది. ముఖం మీద మాత్రం ఆ బొగ్గు జిగురులో చిక్కుకుని ఎండిపోతుంది. ఈ మాస్కులో పట్టి లాగే పని చేసేది పాలీవినైల్ ఆల్కహాల్ అనే జిగురు. అది స్పిరిట్ కలిపిన నీటిలో కరిగి ఉండి, ఆ నీరు, స్పిరిట్ ఆవిరయ్యాక సాగే పొరగా మారుతుంది. బొగ్గు తీసేసినా మాస్కు ఇలాగే ఊడొస్తుంది. చర్మంలోంచి విషపదార్థాలు లాగేస్తుందన్న మాటకు నాకు తెలిసిన జీవశాస్త్రంలో ఆధారం లేదు. 2017 ప్రాంతంలో ఈ మాస్కు ఊడదీసుకుంటూ ఏడ్చేసిన అమ్మాయిల వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. చర్మవైద్యులు అప్పుడే హెచ్చరించారు. ఆ హెచ్చరిక మా ఊళ్లకు చేరేలోపే సరుకు చేరింది. దానితోపాటు ఇంకో పిచ్చి కూడా వచ్చింది: వడ్రంగులు వాడే తెల్ల జిగురులో బొగ్గుమాత్ర నూరి కలిపి ముఖానికి రాసుకోవడం. దాన్ని మాత్రం నేను క్లాసులో గట్టిగానే అడ్డుకున్నాను.

ఇదంతా హైదరాబాదులోనూ ఉంది కదా అని మీరు అనవచ్చు. మా జిల్లాల్లో దానికి రెండు విషయాలు తోడవుతాయి. మొదటిది ఎండ. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ (చేత్తో పరాగసంపర్కం) పని మొదలైతే పూలు ముట్టించడానికి ఆడపిల్లలు పొద్దున్నే వెళ్తారు. రాత్రి మాస్కు పీకిన ముఖం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటే వాపు వచ్చినచోట నల్లటి మచ్చ దిగుతుంది. మనలాంటి చామనఛాయ, నల్లని చర్మాల్లో ఆ మచ్చలు ఎక్కువ వస్తాయి, నెలల తరబడి ఉంటాయి. ఒక చుక్కను పోగొట్టుకోవాలని కొన్న ప్యాకెట్ నాలుగు మచ్చలు మిగిల్చిపోతుంది.

రెండోది స్టెరాయిడ్ క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి తెల్లబడటానికి అని ముఖానికి నెలలకొద్దీ రాసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చర్మానికి రాసే ఇలాంటి మందులను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా వీటిని చీటీ అడక్కుండా ఇచ్చే మెడికల్ షాపులు ఉన్నాయి, ఊళ్లో ఆర్‌ఎంపీలూ రాసిస్తున్నారు. ఆ క్రీములతో పలచబడిన ముఖం మీద జిగురు పొర వేసి లాగితే చర్మం చీరుకుపోతుంది. మొటిమలకు ట్రెటినాయిన్, అడాపలీన్ రాసుకునేవాళ్లకూ, ఐసోట్రెటినాయిన్ మింగేవాళ్లకూ ఇదే ప్రమాదం. వీళ్లెవరూ ఇది వేసుకోవద్దన్న హెచ్చరిక ఒక్క ముక్క చాలు, ఎన్నో ముఖాలు బాగుపడతాయి. నేను కొన్న ప్యాకెట్ మీద అది లేదు.

అసలు దానిమీద ఏముండాలి? ఈ ప్రశ్నతోనే మీకు రాయాలనిపించింది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. విదేశం నుంచి వస్తే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వాడేవాళ్లను తప్పుదోవ పట్టించే మాట ఏదీ ఉండకూడదు. పదార్థాల జాబితా కూడా ఉండాలి, కానీ దానికొక మినహాయింపు ఉంది. ద్రవమైతే 60 మిల్లీలీటర్ల లోపు, గట్టి పదార్థమో గుజ్జో అయితే 30 గ్రాముల లోపు ప్యాకెట్లకు ఆ జాబితా అక్కర్లేదు. కాగితం మీద చూస్తే సబబుగానే ఉంటుంది, చోటు చాలదు కాబట్టి. జరిగేది చూడండి. పెద్ద ట్యూబ్ కొనగల అమ్మాయికి అందులో ఏముందో తెలుస్తుంది. చిన్న ప్యాకెట్ కొనే కూలీ ఇంటి పిల్లకు తెలిసే దారి లేదు. ఎవరికి ఎక్కువ చెప్పాలో వాళ్లకే తక్కువ చెబుతున్నాం.

భాష మాట కూడా చెప్పాలి. ప్యాకెట్ మీద ఉండాల్సిన తూకం, ధర లాంటి వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. గద్వాల దుకాణంలో తెలుగు అక్షరం ఒక్కటైనా ఉన్న మాస్కు ప్యాకెట్ కోసం నేను వెతికాను, దొరకలేదు. పురుగుమందు డబ్బాలో వచ్చే కరపత్రంలోనైనా తెలుగు ఉంటుంది.

మీ శాఖ పని నేను గమనిస్తూనే ఉన్నాను. నకిలీ మందుల మీద, డిగ్రీ లేని వైద్యుల దగ్గర నిల్వచేసిన మందుల మీద, మాయమాటల ప్రకటనల మీద మీ ఇన్‌స్పెక్టర్లు చేసిన దాడుల వార్తలు పేపర్లో చదువుతుంటాం. కాస్మెటిక్స్ అమ్మే దుకాణానికి మందుల షాపులాగా లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, ఆ గడప తొక్కే అవసరం మామూలుగా మీకు రాదు. అయినా కాస్మెటిక్ నమూనా తీసుకుని పరీక్షకు పంపే అధికారం 1940 చట్టం మీ ఇన్‌స్పెక్టర్లకు ఇచ్చింది. జాతరల సీజన్ మొదలయ్యేలోగా ఒక్కసారి ఈ మూడు పట్టణాల ఫ్యాన్సీ స్టోర్లలో, సెలూన్లలో ఈ నల్ల ప్యాకెట్లు ఏరి పరీక్షకు పంపండి. లైసెన్సు నంబరు లేనివి ఎన్ని, దిగుమతి నంబరు లేనివి ఎన్ని, లోపల సీసం, ఆర్సెనిక్, పాదరసం ఎంత అన్నది బయటపెట్టండి. ఫలితం మంచిగా వస్తే ఆ మాటే చెప్పండి, మాకూ నిశ్చింత. దుకాణదారులను భయపెట్టమని నేను అడగడం లేదు. ఏజెంటు తెచ్చి వేలాడదీసిన దండే వాళ్లు అమ్ముతున్నారు. ఆ ఏజెంటు ఎక్కడి నుంచి తెస్తున్నాడో తేలాలి.

చిన్న ప్యాకెట్ల మినహాయింపును మార్చే అధికారం మీ చేతిలో లేదని తెలుసు. అది ఢిల్లీలో జరగాలి. కానీ జిల్లాల నుంచి వచ్చిన నమూనాల ఫలితాలు పెట్టి మీరు రాస్తే, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో దాన్ని ఒక టీచరమ్మ ఉత్తరంలా పక్కన పెట్టలేదు. ముఖానికి అంటించి పీకే సరుకు వరకైనా ప్యాకెట్ ఎంత చిన్నదైనా జాబితా, హెచ్చరిక ఉండాలని అడగండి.

ఆ లోపు ఇక్కడే చేయగలిగింది ఉంది. మీ టోల్ ఫ్రీ నంబరు 1800 599 6969 మందుల గురించే అని జనం అనుకుంటున్నారు. కాస్మెటిక్స్ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చని తెలుగులో ఒక కాగితం వేసి కాలేజీలకు, కేజీబీవీలకు, గురుకులాలకు పంపితే చాలు, గోడకు అతికించే పని మేం చూసుకుంటాం. దాని మీదే నాలుగు మాటలు ఉండాలి. ఎర్రబడ్డ, పగిలిన, మొటిమలున్న ముఖానికి వేయొద్దు. క్రీములు రాస్తున్న ముఖానికి వేయొద్దు. కనుబొమ్మలు, కళ్ల దగ్గరికి రానీయొద్దు. ఊడకపోతే లాగొద్దు, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తుడిచేయాలి. బ్లాక్‌హెడ్స్ నిజంగా ఇబ్బంది పెడుతుంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ మెల్లగా పనిచేస్తుంది, అంతకన్నా ఎక్కువైతే చర్మవైద్యులు ఉన్నారు.

ఆ చర్మవైద్యులు ఇప్పుడు మాకు దగ్గరలోనే ఉన్నారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. ఒకప్పుడు ముఖం మీద మచ్చకు కర్నూలుకో హైదరాబాదుకో బస్సెక్కాల్సిన ఊళ్లివి. ఆ ఆసుపత్రుల ఓపీకి మాస్కు వల్లో క్రీము వల్లో ముఖం పాడై వచ్చిన ప్రతి కేసునూ, ప్యాకెట్ పేరుతో సహా, ఒక పుస్తకంలో రాసి నెలనెలా మీకు పంపే ఏర్పాటు చేయించండి. ఏ సరుకు ఎవరి ముఖం పాడుచేస్తోందో ఆ పుస్తకం చెబుతుంది.

మా ల్యాబ్‌లో ఆ పొర స్లైడు ఇంకా ఉంది, మేం కొన్న ప్యాకెట్ కవర్లూ ఉన్నాయి. మీ ఇన్‌స్పెక్టర్ గారు వనపర్తి వచ్చినప్పుడు అడిగితే అన్నీ అప్పగిస్తాం. ఏ దుకాణంలో ఏ తేదీన కొన్నామో మా పిల్లలు వాటి వెనక రాసి పెట్టారు.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
వనపర్తి.