విమానములు వారికి, అప్పు మనకు

2022 జనవరి 27వ తేదీన ఎయిర్ ఇండియా సంస్థ మరల టాటావారి చేతికి పోయినది. అరువదితొమ్మిది యేండ్లకు పుట్టినిల్లు చేరినదని కొందరు సంతసించిరి. జాతి సొత్తు అంగడికెక్కినదని కొందరు వగచిరి. ఈ హర్షవిషాదముల నడుమ ముఖ్యమైన ప్రశ్న మరుగుపడినది. సంస్థ అమ్ముడుపోయినది సరియే. అది ప్రజలయెడ వహించిన బాధ్యత ఎవరి పాలయినది?

వానకై ఆకసమువంక చూచు అనంతపురమువారికి విమానములతో నేమి పని యని చదువరులు నవ్వవచ్చును. పని కలదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తెచ్చిన తపాలాను నెవిల్ విన్సెంట్ మదరాసునకు గొనిపోవుచు నడుమ దిగినది మన పొరుగున నున్న బళ్లారిలోనే. 1953లో పార్లమెంటు శాసనముచే విమానసంస్థలు జాతీయము చేయబడెను. 1966లో కేంద్రమున పౌరవిమానయానశాఖను నిర్వహించినవారు ఈ జిల్లాలోని ఇల్లూరున జన్మించిన నీలం సంజీవరెడ్డిగారు. 1990లో ఇరాకు సైన్యము కువైట్‌ను ఆక్రమించినపుడు ఎయిర్ ఇండియా లక్షకు పైబడిన భారతీయులను అమ్మాన్ నుండి స్వదేశమునకు చేర్చెను. కరవునకు తాళలేక గల్ఫుదేశములకు కూలికి పోయినవారు ఈ సీమలో నెందరో కలరు. వారి యింటివారికి ప్రభుత్వవిమానమనగా ఆపదవేళ రాగలదను నమ్మకము.

అట్లని ప్రభుత్వ నిర్వహణమును మెచ్చుకొనుట సత్యదూరము. 2005, 2006 సంవత్సరములలో 111 విమానములను చాలవరకు అప్పు తెచ్చియే కొనజూచిరి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను అందు విలీనము గావించిరి. రెండు సంసారము లొక కప్పుక్రింద చేరినవేగాని యొకటి కాలేదు. దినమునకు ఇంచుమించు 20 కోట్ల రూపాయల నష్టమని తుదకు ప్రభుత్వమే ఒప్పుకొనెను. 2018లో నూటికి 76 వంతులు అమ్మజూపగా కొనువాడొక్కడును రాలేదు. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెత వేరుసెనగ రైతునకేకాదు, ఢిల్లీ ప్రభువులకును తెలిసివచ్చినది. నష్టమునకు అడ్డుకట్ట వేయుటకై సంస్థను అమ్ముట తప్పని మేమనము.

కాని లెక్క చూడుడు. 2021 ఆగస్టు నాటికి సంస్థ అప్పు రూ. 61,562 కోట్లు. కొన్నవారు అందు రూ. 15,300 కోట్లు తలకెత్తుకొని, రూ. 2,700 కోట్లు రొక్కమిచ్చిరి. మిగిలిన రూ. 46,262 కోట్ల అప్పు ప్రభుత్వమువారి వేరొక సంస్థకు బదిలీయైనది. అమ్మక మిగిలిన భూములు, భవనములు రూ. 14,718 కోట్లని విలువకట్టిరి. వీనిని, రొక్కమును తీసివేసినను రూ. 28,844 కోట్లు ప్రజల నెత్తిపైననే నిలిచినవి. ఎద్దు సంతలో అమ్ముడుపోయినది. ఎద్దునకై చేసిన అప్పు ఇంటనే యున్నది. ఆ అప్పును తీర్చువారిలో విమానము మెట్టు ఎన్నడు నెక్కని కళ్యాణదుర్గము రైతును, కదిరి కూలివాడును కలరు. సబ్బుపైనను, ఎరువుపైనను వారు పన్ను చెల్లించుచునే యున్నారు.

ఆపదలో ఆదుకొనుటకు సొంత విమానములే యుండనక్కరలేదనువారు కలరు. వారి వాదమున కొంత నిజమున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధమునుండి మన విద్యార్థులను తెచ్చినవి ప్రభుత్వము కుదుర్చుకొన్న ప్రైవేటు విమానములును, వాయుసేన విమానములునే. అయినను నాణెమునకు రెండవ ప్రక్క యున్నది. 2025 డిసెంబరులో ఇండిగో సంస్థ వేలకొలది విమానములను రద్దుచేయగా ప్రయాణికులు విమానాశ్రయములలో పడిగాపులు గాచిరి. టిక్కెట్టు ధరలు మిన్నంటిన పిమ్మటగాని ప్రభుత్వము వానికి హద్దు విధింపలేదు. 2017లో కడప, హైదరాబాదుల నడుమ ఉడాన్ పథకము క్రింద విమానములు నడపిన ట్రూజెట్ సంస్థ 2022లో రెక్కలు ముడిచినది. వ్యాపారి లాభము చూచుకొనుట నేరము కాదు. అది వాని ధర్మము. ప్రజాక్షేమము చూచుట పాలకుల ధర్మము. వ్యాపారమునుండి తొలగిన పాలకులు ధర్మమునుండి తొలగరాదు.

కనుక మూడు కోరికలు కోరుచున్నాము. మిగిలిన అప్పులో ఏటేట ఎంత తీరినదో, ఎవరి సొమ్ముతో తీరినదో ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. టిక్కెట్టు ధరలకు గరిష్ఠపరిమితి ఇల్లు కాలిన పిదప త్రవ్వు బావివలె గాక, ముందే శాసనబద్ధమై యుండవలెను. యుద్ధములు, ఉత్పాతములు వచ్చినపుడు ముందుగా నిర్ణయించిన వెలకు విమానములు పంపుట ప్రతి సంస్థకును అనుమతిపత్రములోనే విధిగా చేర్చవలెను.

ఈ మూటికిని కొత్తగా ధన మక్కరలేదు; సంకల్పము చాలును. అప్పు మోయుచున్న ప్రజలకు అడుగు హక్కు కలదు. ఆ హక్కును రాబోవు ఎన్నికలలో ఓటడుగ వచ్చువారి యెదుట నిలిపి, సమాధానము రాబట్టుట చదువరుల వంతు.