తంతివార్తయు సెల్ ఫోనును తెలుగక్షరమును

సెల్ ఫోను వచ్చి తెలుగును చెరచినదని పెద్దలు పలుమారు వాపోవుచుందురు. పిల్లలు పంపుకొను పొట్టి వార్తలే భాషకు చేటని వారి తలంపు. ఈ నింద యంతయు న్యాయమని తోచదు. మాట పొట్టి యైనంతమాత్రమున భాష చెడదు. అసలు చేటు వేరొకచోట నున్నది. దానిని చూపుటకే యీ చిన్న వ్యాసము.

మాటలను కుదించి వ్రాయుట సెల్ ఫోనుతో పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ మన దేశమున నారంభమై, 2013 జూలై నెలతో ముగిసిన తంతివార్తకు మాటల లెక్కను రుసుము కట్టవలసియుండెను. అందుచే జనులు నాలుగు మాటలతో చావును, మూడు మాటలతో పుట్టుకను తెలుపుకొనిరి. పండుగలకును వివాహములకును పంపు శుభాకాంక్షలకై తంతిశాఖవారు ముందే వాక్యములు కూర్చి, ఒక్కొక్కదాని కొక్కొక్క సంఖ్య నిచ్చిరి. సంఖ్య వ్రాసియిచ్చిన చాలును, అవతల నున్నవారికి పూర్తి వాక్యము చేరెడిది. నేడు మనము పంపు పూలగుత్తి బొమ్మయు, చేతులు జోడించిన బొమ్మయు ఆ సంఖ్యలకు తమ్ములే. ఆ తంతివార్తల వలన తెలుగు చచ్చినదని యెవరును చెప్పలేదు.

తంతివార్తలోని కొరత పొట్టితనము కాదు. అది తెలుగక్షరములలో రాకుండుటయే. తంతి వచ్చినదనగానే, అందేమున్నదో తెలియకమున్నే పల్లెటూరి యింట గుండెలు జారెడివి. ఇంగ్లీషు చదివినవారిని వెదకుకొని పోవలసివచ్చెడిది. కన్నకొడుకు క్షేమమును తల్లి పరుల నోట వినవలసినదే. పోస్టుకార్డు ఆలస్యముగ వచ్చినను తెలుగున వచ్చెడిది. వేగము కావలెనన్న తన అక్షరము విడువవలెను. తన అక్షరము కావలెనన్న వేగము విడువవలెను. ఇదియే ఆనాటి చిక్కు.

1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండున మొదటి సెల్ ఫోను వార్త క్రిస్మసు శుభాకాంక్షగా పంపబడెను. తరువాత ఆ సాధనము మన దేశమునకు వచ్చినప్పుడు పాత చిక్కే మరల ఎదురైనది. ఒక వార్తలో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగున వ్రాసినచో 70 గుర్తులే పట్టును. అందును గుణింతపు గుర్తు ప్రత్యేకముగ లెక్కకు వచ్చును. మన కైకలూరు పేరే చూడుడు. కంటికి నాలుగక్షరములు, యంత్రమునకు ఏడు గుర్తులు. ఒక వార్తలో ఆ పేరు తెలుగున పదిమార్లు మాత్రమే పట్టును. ఇంగ్లీషు లిపిలో తొమ్మిదేసి అక్షరములతో వ్రాసినను పదునేడుమార్లు పట్టును. పైగా ఆనాటి ఫోనులలో పెక్కింటికి తెలుగు రాదు. కావున తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినవారిని తప్పుపట్ట వలనుపడదు.

నేడా కారణము తొలగినది. ప్రపంచభాషల లిపుల నొక్క పట్టికలో చేర్చిన యూనికోడున తెలుగునకు 1991 లోనే చోటు దొరకినది. వాట్సాపు వంటి సాధనములలో అక్షరముల లెక్కను రుసుము లేదు. ఫోనులో తెలుగు మీటలు కలవు. నోట చెప్పినను తెలుగున వ్రాసిపెట్టును. ఐనను పాత యలవాటు పోలేదు. పలుపు విప్పినను గుంజ చుట్టునే తిరుగు ఎద్దువలె నున్నది మన నడవడి.

దీనివలని నష్ట మేమి? ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో తకారటకారములకును, దకారడకారములకును, లకారళకారములకును భేద మంతరించును. పది యనినను పడి యనినను ఒక్కటే; మందు అనినను మండు అనినను ఒక్కటే; కల యనినను కళ యనినను ఒక్కటే. భాష నెరిగినవారు సందర్భమునుబట్టి ఊహించుకొందురు. అట్టి వ్రాతయే నిత్యము చూచు బాలునకు ఆ భేదము క్రమముగ చేతినుండి జారిపోవును.

అంతకంటె పెద్ద నష్టము ఇంటిలోనిది. కొల్లేటి లంకలనుండి, చేపలచెరువుల గట్లనుండి, ఎందరో బిడ్డలు హైదరాబాదునకును గల్ఫు దేశములకును బ్రతుకుతెరువునకై పోవుచున్నారు. తెలుగు మాత్రమే చదువనేర్చిన తల్లికి బిడ్డ పంపిన వార్త క్షణములో చేరును; కాని అందదు. చదివిపెట్టుమని ఆమె పొరుగింటి పిల్లవాని నడుగును. తంతి యంతరించినను తంతినాటి దైన్యము ఆ యింట అంతరింపలేదు.

గొంతే వినవచ్చునుగదా, వ్రాత యెందులకని కొందరందురు. గొంతు వినుట గొప్ప భాగ్యమే. కాని మందు మోతాదు, బాకీ లెక్క, రైలు వేళ, దూరపు బిడ్డ ధైర్యవచనము—ఇవి మరల మరల చదువుకొనదగినవి. మాట గాలిలో పోవును. వ్రాత చేత నిలుచును.

మిషను పాఠశాలలో చదువు మన మొక సంగతి మరువరాదు. 1812 లో శ్రీరామపురమున మిషనరీల అచ్చుకూటము అగ్నిపాలై, పెక్కు భాషల అచ్చక్షరములు కరగిపోయెను. వారు నిరాశపడక మరల పోతపోయించి 1814 లో కేరీ దొర రచించిన తెలుగు వ్యాకరణమును, 1818 లో తెలుగు క్రొత్తనిబంధనను అచ్చువేసిరి. జనులకు వారి మాట వారి అక్షరములలోనే చేరవలెనని పరదేశీయులంత శ్రమపడిరి. మనకు వ్రేలు కదల్చుటయే బరువైనదా?

కావున సోదర విద్యార్థులకు నా మనవి యిది. పొట్టిగా వ్రాయుడు, తప్పు లేదు. ఇంటికి మాత్రము తెలుగక్షరములతో వ్రాయుడు. అమ్మా, నాన్నగారూ, తాతగారూ అని పిలిచి వ్రాయుడు. ఆ పిలుపునకు వెల లేదు. ఎవరింటనైన దుఃఖము కలిగినప్పుడు చేతుల బొమ్మతో సరిపెట్టక, మీ సొంతవాక్య మొక్కటియైనను చేర్చుడు. తంతివార్త చదివించుకొనుటకు నాటి తల్లులు ఊరెల్ల తిరిగిరి. నేటి తల్లి తన బిడ్డ వ్రాతను తన కన్నులతో తానే చదువుకొనగల దినములు వచ్చినవి. ఆ భాగ్యమును ఆమెకు దక్కనిచ్చుట మన చేతిలో నున్నది.