త్రాటిని పాముగా పేనిన వాడెవడు?

జగత్తే మిథ్య అయినప్పుడు యంత్రములో నిర్మించు లోకము మరొక మిథ్య మాత్రమే గదా, అందులో దోషమేమి అను వాదము సాంకేతిక వృత్తులలో ఉన్నవారి నోట తరచుగా వినబడుచున్నది. హైదరాబాదులోను అమెరికాలోను వర్చువల్ రియాలిటీ, ఆన్‌లైన్ ఆటల రూపకల్పన చేయు తెలుగు యువకులకు ఇది మరీ ఇంపైన సమాధానము. వేదాంతము తెలిసినట్లును ఉండును, బాధ్యత తప్పినట్లును ఉండును.

ఇది అద్వైతము కాదు. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ ద్వితీయపాదమున విజ్ఞానవాదమును నిరాకరించుచు, జాగ్రదనుభవము స్వప్నతుల్యము కాదని శంకర భగవత్పాదులు స్పష్టముగా నిర్ణయించినారు. బ్రహ్మజ్ఞానము కలుగువరకు విధినిషేధములు, పుణ్యపాపములు యథాతథముగా నిలుచును. మిథ్య అన్నంతమాత్రమున అప్పుపత్రము రద్దుకాదు. బ్యాంకువాడు ఒప్పుకొనడు, యముడును ఒప్పుకొనడు.

రజ్జుసర్ప దృష్టాంతమునే నిదానించి చూడవలెను. మసకచీకటిలో త్రాడు పడియున్నది. చూచినవాడు పామని భ్రమించి వణకినాడు. పాము ప్రాతిభాసికము, వణకు, చెమట, పరుగు మాత్రము వ్యావహారికములే. అయితే అచట త్రాటిని పాముగా పేనినవాడు లేడు. అవిద్య అనాది, దానికి జీతము పుచ్చుకొను కర్త ఉండడు. డిజైనరు పనిలో కర్త ఉన్నాడు. ఏ రంగు కంటిని నిలుపునో, ఏ శబ్దము చేతిని మరల రప్పించునో పరీక్షించి, త్రాటికి పడగ తగిలించి, జనులు నడచు బాటలో పరచినవాడు అతడే. అతడు మాయ అను మాట చాటున నిలిచినచో అది తత్త్వము కాదు, పలాయనము.

2006లో అమెరికన్ డిజైనరు ఏజా రాస్కిన్ 'ఇన్ఫినిట్ స్క్రోల్'ను రూపొందించినాడు. తరువాతి పుటకై నొక్కవలసిన పని లేకుండ, వ్రేలు కదలుచున్నంతకాలము విషయము దిగుచునే ఉండును. ఉద్దేశము సౌకర్యమే. కాని పుట చివర అనునది వట్టి అడ్డంకి కాదు. ఇక చాలునా అని బుద్ధి మనస్సును అడుగు క్షణమది. తొలగిపోయినది ఆ క్షణమే. (దేవాలయమున సహితము ఏకాంతసేవ అయిన పిదప తలుపులు మూయుదురు. దైవదర్శనమునకే ముగింపు వేళ ఉండగా వినోదమునకు ఉండరాదా?) రాస్కిన్ అనంతరకాలమున బహిరంగముగా పశ్చాత్తాపము ప్రకటించి, 2018లో ట్రిస్టన్ హారిస్ మొదలగువారితో కలసి 'సెంటర్ ఫర్ హ్యూమేన్ టెక్నాలజీ'ని స్థాపించినాడు. ఇది శ్లాఘ్యము. ఆ వృత్తిలోని అనేకులు మాత్రము ఆ పశ్చాత్తాపమును ఆయన సొంత వ్యవహారముగా వదలి, ఆయన విడిచిన సాధనమును గట్టిగా పట్టుకొన్నారు.

నిర్మాత వెడలిపోయిన పిదప ఏమగునో సభాపర్వమున కలదు. ఖాండవదహనమున ప్రాణము దక్కిన మయుడు కృతజ్ఞతతో 14 నెలలలో యుధిష్ఠిరునకు సభ నిర్మించి ఇచ్చినాడు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రము ఎత్తిపట్టినాడు. నీటిని నేలయనుకొని అందులో పడినాడు. మూసియున్న తలుపును తెరచినదనుకొని నుదురు కొట్టుకొన్నాడు. నవ్వినవారెవరు? ఏది నేలయో ఏది నీరో ముందే తెలిసినవారు. ఆ అవమానము జూదమునకు దారితీసినది. మయుడు అప్పటికి అచట లేడు. నేటి తెర వెనుకను నేల, నీరు తెలిసినవారే కూర్చున్నారు. వారు నవ్వుట లేదు, పడినవారిని లెక్కించుచున్నారు.

ఆ మయుని పేర వెలసిన వాస్తుగ్రంథము 'మయమతము' స్థపతి శాస్త్రవిశారదుడు, ధార్మికుడు, దయాపరుడు, అసూయలేనివాడు కావలెనని విధించినది. దయ అచట సెలవుదినపు సద్గుణము కాదు, పనికి కావలసిన అర్హత.

చూడుమని ఎవరు నిర్బంధించినారు అని అడుగువారు ఉందురు. ఇంద్రియనిగ్రహము చూచువాని ధర్మమే, సందేహము లేదు. ఆ నిగ్రహమును భగ్నము చేయుటకే వేతనము పొందువాడు దానిని ఎదుటివానికి బోధించుట సిగ్గుమాలిన పని. పదేండ్ల బాలుని విషయమున ఆ బోధకు అర్థమే లేదు.

పుటకు మరల చివర పెట్టుట, ఆట ఆడువానికి గడచిన కాలము కనబడునట్లు చేయుట, పిల్లలకు రాత్రివేళ పిలుపుల శబ్దము నిలుపుట, ఇవి కష్టసాధ్యములు కావు. వీటివలన సంస్థ రాబడి కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదలను గూర్చి సమావేశమున మొదట నోరు విప్పవలసినవాడు డిజైనరు. పెట్టుబడి పెట్టినవాడు విప్పడు.